అటక మీద తుమ్ము

శబ్దాల గది,
పరుపుల షాపు పై అంతస్తు,
సోమవారం మధ్యాహ్నం.

కత్తెరక్కకి,

ఆట బయటికొచ్చింది. మేం బతికే ఉన్నాం. ఈ రెండు ముక్కలూ ఫోనులో చెప్పొచ్చుగా అంటావు. అమ్మ పెట్టిన రూలు ఉందిగా: మనిద్దరం ఫోనెత్తితే పాలకంటే ముందు పోట్లాట పొంగుతుంది కాబట్టి, పని విషయాలు ఏవైనా కాగితం మీదే రాసుకోవాలి, కవరు అంటించేలోపు కోపం చల్లారుతుంది అని. పైగా నా ఉత్తరం ఆవిడ చదివాకే పోస్టు డబ్బాలో పడుతుంది. అందుకని నీకు తెలిసిన సంగతులు కూడా ఆవిడ కోసం విడమరిచి రాస్తున్నాను, విసుక్కోకు.

అమ్మా, ఆట పేరు 'చివరి ఒడ్డు'. ఆడటానికి పైసా అక్కర్లేదు. ఎవరిళ్లలో వాళ్లు కూర్చునే వందమంది విమానంలోంచి ఒక దీవి మీదికి దూకుతారు. దిగినచోట దొరికిన తుపాకీ పుచ్చుకుని ఒకళ్లనొకళ్లు వేటాడుకుంటారు. చుట్టూ విషపు గాలి కమ్ముకొస్తుంటే నిలబడే చోటు తగ్గిపోతూ ఉంటుంది. ఆఖరికి మిగిలినవాడిదే గెలుపు. అందులో వినిపించే ప్రతి చప్పుడూ నీ కొడుకు చేసిందే. పారాచూట్ విచ్చుకునే చప్పుడు నీ టైలరింగ్ షాపులో దుప్పటి దులిపితే వచ్చింది. రేకుల మీద అడుగులు నాన్న డ్రైవింగ్ స్కూలు షెడ్డు మీద నేను గెంతినవి.

అక్కా, ఇక అసలు సంగతి తుమ్ము. దీవిలో ఇళ్లకి అటకలున్నాయి. కొందరు తెలివిమీరి అటకెక్కి ఆఖరిదాకా పడుకుంటున్నారు. ఇలాగైతే ఆట చప్పబడిపోతుందని మావాళ్లు అటకల నిండా దుమ్ము పెట్టారు. ఎక్కువసేపు దాక్కుంటే మనిషికి తుమ్మొస్తుంది, దొరికిపోతాడు. మంచి తుమ్మొకటి పట్టుకురమ్మని నాకు చెప్పారు. ఆఫీసులో అందరిచేతా తుమ్మించాను. మా కంపెనీ పెద్దని కెప్టెన్ అంటాం, ఆయన తుమ్మితే పిల్లి నీళ్లలో పడ్డట్టుంది. లాభం లేదని మైకు పట్టుకుని నాన్న దగ్గరికెళ్లాను. నాన్న తుమ్ము గురించి నీకు చెప్పాలా? పక్కన బండి నేర్చుకునేవాళ్లు ఉలిక్కిపడి బ్రేకు తొక్కేస్తారు. పాత సీటు కవరొకటి ఆయన మొహం ముందు దులిపాను. అంతే! మైకు తట్టుకుంది గానీ నా చెవులు రెండ్రోజులు గుయ్యిమన్నాయి.

ఇప్పుడు సమీక్షలు వస్తున్నాయి. ఒకాయన రాశాడు: "ఇలాంటి ఆటలకి ఇది జిరాక్స్ కాపీ, అందులోనూ ఇంకు అయిపోయిన మిషన్లో తీసింది." ఇంకొకావిడ: "తుపాకీ పేలితే ఎవరో తలుపు తట్టినట్టుంది, లేచి వెళ్లి తీయబోయాను." ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మూడో ఆయనకి తుమ్మంటే చిరాకట, వెంటనే తీసేయాలట. కెప్టెన్ అన్నిటినీ గోడకి అంటించి వాటి ముందు అటూ ఇటూ తిరుగుతున్నాడు. జనం రాకపోతే డబ్బు పెట్టినవాళ్లు తలుపులు మూసేస్తారు. మాది తుమ్మితే ఊడే ముక్కులాంటి కంపెనీ అని నీకు తెలుసు.

అడగొచ్చినదేమిటంటే, నువ్వు మా ఆట మీద రాయకు. పొగిడితే అక్క కాబట్టి అంటారు. తిడితే అక్కే తిట్టింది అంటారు. రెండిందాలా చచ్చేది నేనే.

నీ తమ్ముడు,
నత్త


పత్రిక ఆఫీసు,
టీ మిషను పక్క బల్ల,
గురువారం.

ఒరేయ్ నత్తా,

ఆలస్యంగా పుట్టావు, ఆలస్యంగా నడిచావు, ఉత్తరం కూడా ఆలస్యంగానే రాశావు. నీ ఉత్తరం అందేసరికి మీ ఆట నా బల్ల మీదుంది. మా తమ్ముడు అందులో పనిచేస్తాడు, ఇంకెవరికైనా ఇవ్వండి అని ఎడిటర్ మేడమ్‌కి చెప్పాను. "ఇంకెవరున్నారు ఇక్కడ, వంటల పేజీ ఆయనకివ్వనా?" అంది. "మొదటి వాక్యంలోనే తమ్ముడి సంగతి చెప్పెయ్. తర్వాత నీ కత్తెర, నీ ఇష్టం."

కాబట్టి వారమంతా నీ దీవి మీదే కాపురం. మొదటిసారి నేల తగలకుండానే పోయాను. తర్వాత రేవు దగ్గర ఎవరో అందంగా రాసిన బోర్డు చదువుతూ పోయాను. ఇంకోసారి గంటసేపు కష్టపడి తుపాకీ సంపాదించి, దాన్నెలా కాల్చాలో వెతుక్కుంటుంటే ఒక పెద్దమనిషి వెనకనుంచి వచ్చి, పాపం, నేను వెతుక్కోవడం అయ్యేదాకా ఆగి మరీ కాల్చాడు. ఇలాంటి మర్యాదస్తులు మీ ఆటలో ఉన్నారని సమీక్షలో రాశాను.

నిన్న మధ్యాహ్నం అటకెక్కాను. కింద ఎవరో తలుపు తీశారు. చెక్క మీద అడుగులు. ఒకటి పడుతుంది, ఆగుతుంది, ఇంకోటి పడుతుంది. ఇక్కడ కుర్చీలో నేను ఊపిరి బిగబట్టాను. ఆ అడుగులు నువ్వు చేసినవి అన్న సంగతే మర్చిపోయాను, అదే నీకు నేనివ్వగల పెద్ద మెప్పు. అప్పుడు తుమ్మాడు నాన్న! నేను నిజంగా కుర్చీలోంచి లేచి "మెల్లిగా నాన్నా!" అన్నాను. ఆఫీసంతా తిరిగి చూసింది. కిందనున్న వాడు కాల్చాల్సింది పోయి పడీపడీ నవ్వాడు. హెడ్‌ఫోన్లో వినిపించింది. నేనూ నవ్వాను. ఆ తర్వాత కాల్చేశాడనుకో.

రేపు పత్రికలో వచ్చేది ఇది, అమ్మకి చదివి వినిపించు: "ఈ ఆటకి శబ్దాలు చేసింది నా సొంత తమ్ముడు. అది గుర్తుపెట్టుకుని చదవండి. తుపాకుల చప్పుడు తలుపు తట్టినట్టే ఉంది, ఆ విషయంలో తమ్ముణ్ణి వెనకేసుకురాను. దీవిలో సగం ఇళ్లకి ఒకే సోఫా. అయినా ఈ ఆటకి రెండు మంచి గుణాలున్నాయి. ఒకటి, భయపెడుతూనే నవ్వించే తుమ్ము. రెండోది, దీని దుకాణంలో ఉన్నవన్నీ రంగులూ బట్టలే. డబ్బుతో అందం కొనుక్కోవచ్చు, గెలుపు కొనుక్కోలేరు. పదికి ఆరు."

ఆరు అంటే ఆరే. ఏడవకు.

అక్క


శబ్దాల గది,
వాన వెలిసిన శనివారం.

అక్కా! అక్కా! అక్కా!

నీ సమీక్ష వచ్చి వారమైంది. నీ ఆరుని కెప్టెన్ గోడ మధ్యలో అంటించాడు. "గెలుపు కొనుక్కోలేరు" అన్న వాక్యం కింద ఎర్రగీత గీశాడు. తుమ్మంటే ఏమిటో చూద్దామని జనం రావడం మొదలైంది. అటక మీద తుమ్మి చచ్చిపోయినవాళ్లు ఆ వీడియోలు పెడుతున్నారు. తీసేయమన్న సమీక్షకుడికి, ఉంచాలన్న ఇంకో సమీక్షకుడికి మధ్య పెద్ద యుద్ధం జరుగుతోంది. ఒకాయనేమో అది "అన్యాయమైన ఆటంకం" అంటాడు, రెండో ఆయన "మానవ శరీరానికి దక్కిన గౌరవం" అంటాడు. మన నాన్న ముక్కు మీద ఇంత చర్చ జరుగుతుందని ఎవరనుకున్నారు?

నాన్నకి పట్టపగ్గాల్లేవు. కొత్తగా బండి నేర్చుకోవడానికొచ్చిన కుర్రాళ్లు "సార్, ఒక్కసారి తుమ్మరా" అని అడుగుతున్నారట. "అడిగితే వచ్చేది కాదు బాబూ, అదొక యోగం" అంటున్నాడు. స్కూల్లో కంప్యూటర్‌లో ఆట కూడా పెట్టించుకున్నాడు. తుపాకీ ముట్టుకోడు. దీవి మీద జీపు దొరికితే చాలు, దాన్ని తోలుతాడు. కూడలి వచ్చిందంటే బండి ఆపి, కుడీ ఎడమా చూసి గానీ కదలడు. అక్కడే కాల్చేస్తారు. "తప్పు నాది కాదు, వాడిదే" అని మళ్లీ మొదలుపెడతాడు. దీవి రోడ్ల మీద గీతలు సరిగా లేవని ఆటకి బొమ్మలు గీసే మా బొమ్మలమ్మాయికి కబురు పంపాడు. ఆ అమ్మాయి నిజంగానే గీతలు దిద్దింది.

తుపాకుల సంగతి మనసులో పెట్టుకున్నాను. కింద పరుపుల షాపు ఇనప షట్టరు మీద సుత్తితో కొట్టి కొత్తగా రికార్డు చేస్తున్నాను. షాపాయన మొదటిరోజు పైకొచ్చి తిట్టాడు. రెండోరోజు తనే సుత్తి పుచ్చుకుని "ఇలా కొడితే ఇంకా గట్టిగా వస్తుందేమో చూడవయ్యా" అన్నాడు.

ఇంకో విషయం... ఏం లేదులే. ఆఫీసు గొడవలు. పని ఎక్కువగా ఉంది.

నత్త

(కింద అమ్మ చేతిరాత: వీడు ఈ ఉత్తరం ముగించిన దగ్గర్నుంచి మాటలు మింగుతున్నాడు. అడిగితే గొంతు నొప్పంటాడు. గొంతు నాకు బాగానే కనిపించింది. నీకేమైనా తెలిస్తే రాయి. – అమ్మ)


పత్రిక ఆఫీసు,
మంగళవారం.

గౌరవనీయులైన శబ్ద విభాగం వారికి,

మీ ఉత్తరం అందాక, మొన్న శుక్రవారం మీ ఆటలో వచ్చిన మార్పులు చూశాను. దుకాణంలో 'దుమ్ము ముసుగు' అని కొత్త సరుకు పెట్టారు. అది కొనుక్కున్నవాడికి అటక మీద తుమ్ము రాదు. కొనలేనివాడు తుమ్ముతాడు, చస్తాడు. బాగుంది.

డబ్బుతో గెలుపు కొనుక్కోలేరని నేను రాసి ఎన్నాళ్లయింది? ఆ కాగితం ఇంకా పాతబడలేదు, ఎవరో దాన్లో బజ్జీలు కూడా కట్టి ఉండరు. పాఠకుల ఉత్తరాలు సంచీలో వస్తున్నాయి. "కత్తెర మొద్దుబారింది" అని ఒకరు. "రక్తసంబంధానికి ఆరు మార్కులు" అని ఇంకొకరు. వంటల పేజీ ఆయన సానుభూతితో నాకో బిస్కట్ ఇచ్చాడు. నన్ను చూసి ఆయన జాలిపడే రోజు వస్తుందని అనుకోలేదు.

కంపెనీ గుట్టు బయట చెప్పకూడదని మీకు ఒప్పందం ఉందని తెలుసు. చెప్పమని నేనెప్పుడూ అడగలేదు, అడగను. నా బాధ అది కాదు. నా వాక్యం కింద ఎర్రగీత గీశారని అంత సంబరంగా రాశారే, ఆ వాక్యం అబద్ధం కాబోతోందని తెలిసే రాశారా? "ఏం లేదులే" అన్నది ఇదేనా?

ఆట మళ్లీ సమీక్షిస్తున్నాను. ఈసారి మూడు.

ఇట్లు,
ఆటల విమర్శకురాలు


శబ్దాల గది,
గురువారం.

గౌరవనీయులైన విమర్శకురాలు గారికి,

తమ లేఖ అందినది. తమరు వ్యక్తం చేసిన అసంతృప్తిని మా విభాగం (అనగా ఒక కుర్చీ, రెండు మైకులు, నేను) శ్రద్ధతో పరిశీలించినది.

అక్కా, ఇలా రాయడం నావల్ల కాదు. అమ్మ పక్కనే నిలబడి "ఏమిట్రా ఈ కోర్టు భాష" అంటోంది.

అవును, తెలుసు. ఆ ఉత్తరం మొదలుపెట్టినప్పుడు తెలియదు. మధ్యలో మీటింగుకి పిలిచారు. తిరిగొచ్చి పూర్తి చేశాను. పైన రాసిన సంబరం చింపేయాల్సింది. చింపబుద్ధి కాలేదు.

మీటింగులో జరిగింది ఇది. జనం వస్తున్నారు గానీ టోపీలూ చొక్కాలూ కొనేవాళ్లు తక్కువ. నిజంగా అవసరమైనదేదో అమ్మకపోతే దీపాలు ఆర్పుకోవాల్సిందే అన్నాడు కెప్టెన్. తర్వాత నవ్వుతూ, "తుమ్మే జబ్బు మనమే పెట్టాం, మందు కూడా మనమే అమ్ముదాం" అన్నాడు. ఇది సరికాదండీ అన్నాను. నా గొంతు సంగతి నీకు తెలుసుగా, బల్ల అంచు దాటలేదు. మిగతావాళ్లు ఎవరి కప్పులోకి వాళ్లు చూసుకున్నారు. కెప్టెన్ దుర్మార్గుడు కాదు. జీతాలిచ్చే రోజు దగ్గర పడితే ఆయనకి చెమటలు పడతాయి, నేను చూశాను.

ఇంతకంటే కష్టమైంది నాన్నది. మొన్న స్కూలుకి వెళ్లేసరికి ఆట ముందు కూర్చుని ఉన్నాడు. ఈసారి జీపు దొరకలేదట, అటకెక్కాడట. అదే అటక మీద ఇంకొకడు వచ్చి పక్కన కూర్చున్నాడు. నాన్నకి తుమ్మొచ్చింది. పక్కవాడికి రాలేదు. పోయాడు నాన్న.

"వాడెందుకు తుమ్మలేదురా?" అనడిగాడు.

"వాడు కొనుక్కున్నాడు నాన్నా."

"ఏం కొనుక్కున్నాడు?"

"తుమ్మకుండా ఉండటం."

"నా తుమ్ము డబ్బు లేనివాళ్లకేనన్నమాట" అన్నాడు. "ఒరేయ్, మనిషికి వచ్చేవాటిలో తేడాపాడాల్లేనిది అదొక్కటేరా. డబ్బున్నవాడైనా తుమ్మాల్సిందే. మహారాజుకైనా తుమ్మొస్తే కళ్లు మూసుకోవాల్సిందే. దాన్నీ వేరుచేశారా?" అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. బకెట్టు తీసుకుని, ఉదయమే కడిగిన కారు మళ్లీ కడగడానికి వెళ్లాడు.

మూడు వెయ్యి. రెండు వేసినా నేనడగను. నాన్న మాట రాయాలనిపిస్తే నన్ను కాదు, ఆయన్నడుగు. సరే అంటే వాడుకో. దీనివల్ల నా ఉద్యోగం పోతే అమ్మ షాపులో గుండీలు కుట్టుకుంటాను. అమ్మ ఇప్పుడే ఇది చదివి, "వద్దు నాయనా, నీ చేతికి సూదిస్తే ఒక చొక్కా తీసుకెళ్లేలోపు కుట్టించుకున్నవాళ్లు ముసలాళ్లయిపోతారు" అంది.

మాట దాచినందుకు నా మీద కోపం ఉంచుకో. నాన్న మీద మాత్రం చూపించకు. ఆయన ఇప్పటికీ నీ ఆరు మార్కుల సమీక్ష డాష్‌బోర్డు మీద పెట్టుకుని తిరుగుతున్నాడు.

నత్త


పత్రిక ఆఫీసు,
ఆదివారం. ఎవరూ లేరు, టీ మిషను కూడా నాదే.

నత్తా,

నీ గురువారం ఉత్తరానికి పది రోజులకి జవాబు రాస్తున్నాను. కోపం ఉందో లేదో చూద్దామని వెతికాను. కవరు చింపేటప్పుడు ఉంది. నాన్న కారు కడిగాడన్న చోట ఎటో పోయింది.

ఆయనకి ఫోన్ చేశాను. నాన్నతో ఫోన్లో మాట్లాడకూడదని అమ్మ రూలు పెట్టలేదుగా. "నీ మాట పత్రికలో వేసుకోనా?" అనడిగాను. కాసేపు బెట్టు చేసి, "నా పేరొద్దు. డ్రైవింగ్ స్కూలు పేరు వెయ్యి. పైసా ఖర్చులేని ప్రకటన" అన్నాడు. ఎడిటర్ ఒప్పుకోదన్నాను. "అయితే 'మా నాన్న' అని వెయ్యి. అదీ బాగానే ఉంటుంది" అన్నాడు. గొంతు కొంచెం తేడాగా వినిపించింది. లైను బాగాలేదేమో.

సమీక్ష వచ్చి మూడు రోజులైంది, నువ్వు చూసే ఉంటావు. అయినా అమ్మ కోసం చివరి ముక్క: "పోయినసారి నేను రాసినదాన్లో ఒక వాక్యం ఇప్పుడు నిజం కాదు. దాన్ని కొట్టేస్తున్నాను. ఆ తుమ్ము మా నాన్నది. ముసుగు సంగతి విని ఆయన ఒకటే అన్నాడు: డబ్బున్నవాడైనా తుమ్మాల్సిందే. ఆటని తూచడానికి ఇంతకంటే మంచి తూకపురాయి నా దగ్గర లేదు. పదికి మూడు. ఆ మూడూ అడుగుల చప్పుడుకి."

అనుకోనిది దీని తర్వాత జరిగింది. ఆ మాటని ఆడేవాళ్లు పట్టుకున్నారు. చొక్కాల మీద రాసుకుంటున్నారు. మొద్దుబారిందని నన్ను తిట్టినాయనే మళ్లీ రాశాడు, "పదును పెట్టించుకున్నారు, సంతోషం" అని. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ ఒక కబురు చేతులు మారుతోంది: శనివారం సాయంత్రం అందరూ దీవిలో ధాన్యం గోదాము అటక మీదికి రావాలి, ముసుగు వద్దు, తూటా వద్దు.

నేను వెళ్తున్నాను, విమర్శకురాలిగా కాదు. నువ్వు ఆ వేళకి ఆఫీసులో ఉండు. హెడ్‌ఫోన్లు పెట్టుకో. చప్పుడు కొంచెం తగ్గించి పెట్టుకో.

అక్క


శబ్దాల గది,
సోమవారం, ఇంకా ఎవరూ పనిలో పడలేదు.

అక్కా,

నువ్వు లోపల ఉన్నావు. నేను బయటినుంచి చూశాను. నువ్వు చూడనిది రాస్తాను.

శనివారం నాతోపాటు ఆఫీసులో కెప్టెన్, సర్వర్లు చూసుకునే ఆయన, బొమ్మలమ్మాయి ఉన్నారు. విమానం దీవి మీదికి రాగానే పారాచూట్లన్నీ ఒక్కచోటే విచ్చుకున్నాయి. అమ్మ దుప్పటి వందసార్లు దులిపినట్టు. కెప్టెన్ పరిగెత్తుకొచ్చాడు. "ఏదో పాడైంది! అందరూ ఒకే చోట ఎందుకు దిగుతున్నారు?" అన్నాడు. ఏం పాడవలేదండీ, వాళ్లే వస్తున్నారు అన్నాను.

గోదాము అటక మీద అంతమంది పట్టలేదు. మెట్ల మీద వరసకట్టారు. తోసుకోవడాల్లేవు. ముసుగేసుకున్నవాడొకడు తలుపులోంచి వచ్చి ఇద్దర్ని కాల్చాడు. ఎవరూ తిరిగి కాల్చలేదు. "ముసుగు తీసి పైకి రా, చోటుంది" అని రాశారు. వాడు అక్కడే నిలబడిపోయాడు. తర్వాత ముసుగు తీసి కింద పడేసి వరసలో నిలబడ్డాడు. బొమ్మలమ్మాయి నా భుజం గట్టిగా పట్టుకుంది, ఇంకా నొప్పిగా ఉంది.

అప్పుడు మొదలైంది. ఒకటి. తర్వాత ఇంకొకటి. అందరిదీ ఒకేలా ఉండకూడదని ఆ తుమ్మునే కొంచెం పైకీ కిందకీ మార్చి పెట్టాను కదా, సన్న గొంతు నాన్న, బొంగురు గొంతు నాన్న, కుర్ర నాన్న, ముసలి నాన్న, గోదాము నిండా నాన్నలే! తుమ్మిన ప్రతివాడికీ మిగతావాళ్లు "చిరంజీవ" అని రాస్తున్నారు. ఒకళ్లనొకళ్లు చంపుకోవడానికి చేసిన ఆట అక్కా అది. అందులో తెర నిండా చిరంజీవ, చిరంజీవ, చిరంజీవ.

విషపు గాలి కమ్ముకొచ్చింది. ఎవరూ కదల్లేదు. అందరూ ఒక్కసారే పోయారు. ఎవరు గెలిచారో ఆటకి అర్థం కాలేదు. గెలిచినవాడి పేరు రావాల్సిన చోట ఖాళీ చూపించి ఊరుకుంది.

కెప్టెన్ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. "బయట ఎంతమంది చూస్తున్నారు?" అనడిగాడు. ఆట విడుదలైన రోజుకంటే ఎక్కువ అన్నాడు సర్వర్లాయన. కెప్టెన్ కూలబడి, "సరే, తీసేద్దాం. తీసేసి ఏం అమ్మాలో ఎవరైనా చెప్పండి. నిజంగానే అడుగుతున్నాను" అన్నాడు. పాపం, నిజంగానే అడిగాడు.

"ముసుగే అమ్ముదాం" అని వినిపించింది. అది నా గొంతే. గదిలో గట్టిగా వినిపించేసరికి నాకే కొత్తగా అనిపించింది. ఆగితే మళ్లీ మింగేస్తానని ఆగకుండా చెప్పేశాను. "తుమ్ము ఆపేది కాదు. తుమ్మితే ఎగిరి అవతల పడే చేతిరుమాళ్లు. చుక్కలవి, గళ్లవి, పువ్వులవి, మీసాలు వేసినవి. దేనివల్లా ఎవరూ గెలవరు. కానీ చచ్చేటప్పుడు దర్జాగా తుమ్ముతారు. ఆ ముసుగు కొన్నవాళ్లకి డబ్బు తిరిగిచ్చేద్దాం." కెప్టెన్ నావైపు చూశాడు. "ఇవి ఎవరు కొంటారయ్యా?" అన్నాడు. బొమ్మలమ్మాయి చెయ్యెత్తింది. అప్పటికే కాగితం మీద ఒకటి గీసేసింది.

ఆదివారం అమ్మ తన గుడ్డముక్కల సంచీ ఆ అమ్మాయి ముందు గుమ్మరించింది. ఇద్దరూ నేలమీద కూర్చుని ఏ గళ్లు ఏ అంచుకి నప్పుతాయో అని వాదించుకున్నారు. మధ్యాహ్నం నాన్న వచ్చాడు. నమూనా రుమాలొకటి మొహానికి కట్టుకుని అద్దంలో చూసుకున్నాడు. "ఎగిరి పడుతుందంటావా?" అన్నాడు. సీటు కవరు తెమ్మంటావా అన్నాను. వద్దన్నాడు. కానీ నవ్వాడు.

నత్త


పత్రిక ఆఫీసు,
చలి మొదలైంది, కిటికీ మూశారు.

నత్తా,

నువ్వు బల్ల అంచు దాటి మాట్లాడావన్న చోట చదవడం ఆపి, ఎడిటర్ మేడమ్‌కి చూపించాను. "మీ తమ్ముడికి ఉద్యోగం పోలేదుగా?" అంది. లేదన్నాను. "అయితే మూడోసారి రాయి. ఒకే ఆట మీద మూడు సమీక్షలు ఈ పత్రికలో ఎప్పుడూ వేయలేదు. వంటల పేజీ ఆయనకి జాగా తగ్గిస్తాను" అంది. ఆయన ఇప్పుడు నాతో మాట్లాడటం లేదు.

నేలలు, గోడలు, అటకలు అన్నీ మళ్లీ చూశాను. ముసుగు పోయింది. రుమాళ్లు బాగా ఎగురుతున్నాయి. నేను మీసాలది కొన్నాను, సొంత డబ్బుతో, అది కూడా సమీక్షలో రాశాను. తుపాకులు ఇప్పుడు తలుపు తట్టినట్టు లేవు. తలుపు బద్దలుకొట్టినట్టున్నాయి. పరుపుల షాపాయనకి నా తరఫున దండం పెట్టు. సగం ఇళ్లకి ఇంకా అదే సోఫా ఉంది, దానికి క్షమాపణ లేదు.

అచ్చుకి వెళ్లింది ఇది: "తప్పు చేసి దిద్దుకోవడం మనుషులకే కష్టం. ఒక ఆట దిద్దుకోవడం చూశాను. శనివారం నేను గోదాము మెట్ల మీద, కింద నుంచి నాలుగో మెట్టు దగ్గర ఉన్నాను. నాకు తుమ్మే అవకాశం రాకముందే పోయాను. అయినా ఈ ఏడాది ఆడినవాటిలో నాకు గుర్తుండే ఆట అదే. పదికి ఏడు."

నీకొక్కడికే చెబుతున్నాను. ఎనిమిదే అనుకున్నాను. తమ్ముడివని ఒకటి కోశాను.

అక్క


డ్రైవింగ్ స్కూలు,
నాన్న బల్ల మీద, ఆయన దీవిలో జీపు తోలుతున్నాడు.

అక్కా,

పత్రిక పొద్దున్నే వచ్చింది. కెప్టెన్ ఆరునీ మూడునీ తీసేయలేదు. వాటి పక్కనే ఏడుని అంటించి, మూడు సమీక్షలూ కలిపి వరసగా చూసుకుంటున్నాడు. మా తలుపులు ఇప్పట్లో మూసుకోవు. పై ఏడాదికి వాన చప్పుళ్లు కావాలన్నాడు. రేకు మీద, ఆకు మీద, గొడుగు మీద, వేటికవి. నాకు ఇద్దరు మనుషుల్ని కూడా ఇస్తున్నాడు. నేను ఒకళ్ల మీద పెత్తనం చేయడం ఊహించుకో. నత్తకి కొమ్ములొచ్చాయి అని ఆఫీసులో అప్పుడే మొదలుపెట్టారు. నత్తకి కొమ్ములెప్పుడూ ఉంటాయి, మీరే చూడలేదు అన్నాను. గట్టిగానే అన్నాను.

సమీక్ష నాన్నకి చదివి వినిపించాను. "కింద నుంచి నాలుగో మెట్టు" దగ్గర ఆపించి మళ్లీ చదివించుకున్నాడు. "నేను ఆరో మెట్టు మీదున్నాను. మీ అక్క ముందే ఉన్నానన్నమాట. చెప్పి ఉంటే చోటిచ్చేవాణ్ణి" అన్నాడు. ఆరోజు ఆయన కూడా వచ్చాడని మనకెవరికీ చెప్పనేలేదు అక్కా! ఎంత అడిగినా, తుమ్మాడో లేదో మాత్రం చెప్పడం లేదు.

అమ్మ షాపులో ఉంది. పరిగెత్తుకెళ్లి, "అక్క ఏడు వేసిందమ్మా" అన్నాను. నోట్లో గుండుసూదులున్నాయి, తీయకుండానే, "ఎంతకి?" అంది.

"పదికి."

సూదులు ఒక్కొక్కటే తీసి కుచ్చుదిండులో గుచ్చింది. మెడలో టేపు సర్దుకుంది.

"మిగతా మూడూ ఎవరి కోసం దాచిందట? దానికింకో తమ్ముడున్నాడా ఏమిటి?" అంది.

నత్త